అప్పు పుట్టలేదని బిల్డర్ గడువు తప్పొచ్చా?

ప్రశ్న: 2021లో కొల్లూరు దగ్గర 14 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో 82 లక్షలకు ఫ్లాట్ బుక్ చేశాను. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉంది, అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది. ఇప్పటికి 54 లక్షలు కట్టాను, అందులో 40 లక్షలు బ్యాంకు లోను. 2024 జూన్‌కి తాళాలు ఇవ్వాలి. తొమ్మిదో శ్లాబు దగ్గర పని ఆగి ఏడాది దాటింది. ఫైనాన్స్ కంపెనీ అప్పు ఆపేసిందని, అది తమ చేతుల్లో లేదని బిల్డర్ ఉత్తరం పంపాడు. మిగతా వాయిదాలు ముందే కడితే పని మొదలుపెడతాడట. ఇటు ఇంటద్దె, అటు ఈఎంఐ. లోను కట్టడం ఆపేయొచ్చా? డబ్బు వెనక్కి అడగాలా, ఫ్లాట్ కోసం ఆగాలా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఈఎంఐ మాత్రం ఆపకండి. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు, బిల్డర్‌తో వేరు. కోపం కొద్దీ ఆపితే దెబ్బ తినేది మీ సిబిల్ స్కోరే (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కులు). అయితే లోనులో ఇంకా విడుదల కాని సొమ్ము ఉంటే దాన్ని కాపాడుకోండి. పని ఆగిందని ఫొటోలు జతచేసి బ్యాంకుకి రాయండి, మిమ్మల్ని అడగకుండా మరో విడత ఇవ్వొద్దని చెప్పి రసీదు తీసుకోండి. కట్టుబడి ఏ దశకు వచ్చిందో చూసే డబ్బు విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇక ముందస్తు వాయిదాల మాటంటారా, పైసా కట్టొద్దు. అగ్రిమెంట్లో వాయిదాలు శ్లాబుల లెక్కన ఉంటే, శ్లాబు పడందే ఆ వాయిదా బాకీయే కాదు.

బిల్డర్ చెప్పేది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. స్థలం కొనడానికి బ్యాంకులు బిల్డర్లకు అప్పివ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. అందుకే వాళ్లు ఎక్కువ వడ్డీకి ఫైనాన్స్ కంపెనీల దగ్గరకు వెళతారు. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ బాకీలు ఎగ్గొట్టాక ఆ కంపెనీలకే డబ్బు పుట్టక దేశమంతా ఎన్నో ప్రాజెక్టులు నిలిచిపోయాయి. కానీ ఇది వ్యాపారంలో ఉండే రిస్కు, మీరు మోయాల్సింది కాదు. రెరా చట్టం సెక్షన్ 6లో ‘చేతుల్లో లేని కారణాలు’ అంటే యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి వైపరీత్యాలు. అప్పు దొరక్కపోవడం ఆ జాబితాలో లేదు. రెరా వెబ్‌సైట్లో ప్రాజెక్టు గడువు పొడిగించినట్టు కనబడినా, మీ అగ్రిమెంట్లో రాసిన తేదీ మారదు.

నేనైతే ముందు ఒక లెక్క అడుగుతాను. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికే వాడాలి. ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్లు లేకుండా అందులోంచి తీయకూడదు. మరి మీ అందరి డబ్బూ ఏమైంది? ఆ సర్టిఫికెట్లు తెప్పించమని రెరాను కోరండి.

సెక్షన్ 18 కింద మీకు రెండు దారులున్నాయి: వడ్డీతో సహా మొత్తం వెనక్కి తీసుకోవడం, లేదా ఫ్లాట్ ఉంచుకుని ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ పొందడం. తెలంగాణలో ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్ (అప్పులకు బ్యాంకు ప్రకటించే ఆధార వడ్డీ రేటు) మీద 2 శాతం ఎక్కువ. గడువు తప్పితే వాపసు అడగడం షరతుల్లేని హక్కని సుప్రీంకోర్టు 2021లో న్యూటెక్ కేసులో తేల్చింది.

చిక్కల్లా వసూలు దగ్గరే. రెరా ఆర్డరు రావడం ఒక ఎత్తు, చేతిలో డబ్బు లేని బిల్డర్ దగ్గర రాబట్టడం ఇంకో ఎత్తు. భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమని కలెక్టరుకు పంపినా, జప్తుకు ఏదో ఒక ఆస్తి మిగిలుండాలి కదా. అందుకే కేసు వేసే ముందు ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీయండి, తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ సైట్ కూడా చూడండి. ఈసీలో 10 శాతం బిల్టప్ ఏరియా హెచ్ఎండీఏకు (నిర్మాణ అనుమతులిచ్చే హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) తాకట్టు అని కనిపిస్తే టెన్షన్ పడకండి, అది పర్మిషన్ షరతు. మీ అగ్రిమెంట్ తర్వాత మీ ఫ్లాట్‌ను ఫైనాన్స్ కంపెనీకి తాకట్టు పెట్టి ఉంటే మాత్రం అది చట్టవిరుద్ధం, మీ హక్కును అది తాకదు.

14లో తొమ్మిది శ్లాబులు పడ్డాయి కాబట్టి, ఫ్లాట్ వదులుకోకుండా నెలవారీ వడ్డీ అడగమంటాను. నాలుగు పిల్లర్లే లేచి ఉంటే వాపసే అడగమనేవాణ్ణి. కొన్నవాళ్లంతా సంఘంగా ఏర్పడండి. రేపు ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ రద్దయితే మిగిలిన పని చేపట్టే మొదటి అవకాశం సెక్షన్ 8 కింద ఆ సంఘానిదే.

దివాలా కోర్టుకు వెళ్దామని మీలో ఎవరైనా తొందరపెడితే ఆగమనండి. మీరు వేయాలంటే ఆ ప్రాజెక్టులో కనీసం వంద మంది, లేదా పదోవంతు మంది కలవాలి, రెంటిలో ఏది తక్కువైతే అది. కానీ ఫైనాన్స్ కంపెనీ ఒక్కటే వేయగలదు. కేసు అడ్మిట్ అయిందంటే రెరా వసూళ్లన్నీ నిలిచిపోతాయి. అప్పుడు ఫారం సీఏలో (ఫ్లాట్లు కొన్నవాళ్లు తమ బాకీ చెప్పుకునే ఫారం) మీ క్లెయిము గడువులోగా పడాలి. రెరా ఆర్డరు చేతిలో ఉన్నా మిమ్మల్ని మిగతా కొనుగోలుదారులతో సమానంగానే చూడాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. క్లెయిముల ప్రకటన ఒక ఇంగ్లిషు పేపర్లో, ఒక తెలుగు పేపర్లో వస్తుంది, అదీ చిన్న అక్షరాల్లో. రోజూ పేపరు చూసే పెద్దాయన ఎవరైనా మీ వాట్సాప్ గ్రూపులో ఉంటే ఆ పని ఆయనకు అప్పజెప్పండి.