నెల్లూరు నుంచి గోముఖ్‌కి సొంత కారులో వెళ్ళేవాళ్ళకి

"పెద్దవాళ్ళతో, పిల్లలతో నెల్లూరు నుంచి కారులో వెళ్ళి గంగోత్రి హిమానీనదం కరిగిపోకముందే చూసి రావాలి, ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగారు.

ఆ "కరిగిపోకముందే" అన్న తొందరే వద్దండీ. 1935లో ఆడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పటంలో గుర్తించిన చోటు నుంచి హిమానీనదం మొన కిలోమీటరుకి పైగా వెనక్కి పోయిన మాట నిజమే. కానీ హిమానీనదం మొత్తం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు చూడొచ్చు. సెలవు దొరికిందని జులై, ఆగస్టుల్లో మాత్రం బయల్దేరకండి, కొండచరియలు విరిగిపడే కాలం. 2025 ఆగస్టు 5న ధరాలీ ఊరిని వరద ముంచేసింది ఈ దారిలోనే.

అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్, అక్కణ్ణుంచి నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా. రోజుకి 600 కిలోమీటర్ల లెక్కన ఋషీకేశ్‌కి నాలుగు రోజులు చాలు. అసలు పని ఆ తర్వాతే.

మన దగ్గర రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోసి నడిపేస్తారు. అక్టోబరు రాత్రి గంగోత్రిలో ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే రేడియేటర్ పగులుతుంది. ఇక్కడే పాత నీళ్ళు తీయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే అదీ మార్పించండి. తేమ పట్టిన ఆయిల్ వేడికి మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఘాట్‌లో ఎక్కిన గేర్‌లోనే దిగాలి, న్యూట్రల్ ముట్టుకోకూడదు. బ్రేకుల నుంచి మాడిన వాసన వస్తే బండి పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి. వేడి బ్రేక్ డిస్కుల మీద నీళ్ళు కొడితే వంకర పోతాయి.

మనం సముద్రమట్టం మనుషులం. గంగోత్రి 3,100 మీటర్ల ఎత్తు. ఒక్క రోజులో ఎక్కించేస్తే తలనొప్పి, వాంతులు ఖాయం. టూర్ల వాళ్ళు పది రోజుల్లో నాలుగు ధామాలని పరుగెత్తించడం చూస్తే కడుపు మండుతుంది. దారిలో ఉత్తరకాశీలో ఒక రాత్రి, హర్సిల్‌లో ఒక రాత్రి ఆగండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే మందులతో కాలయాపన చేయకుండా కిందికి దించేయండి. మొలగొలుకుల బియ్యం మోసుకెళ్తే ప్రెషర్ కుక్కర్ కూడా పెట్టుకోండి. అక్కడ నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో అన్నం పలుకుగానే ఉంటుంది.

చాలామందికి తెలియనిది, కారు గంగోత్రి గుడి దగ్గరే ఆగుతుంది. హిమానీనదం అక్కడికి కనబడదు. మొన ఉన్న గోముఖ్‌కి ఇంకా 18 కిలోమీటర్లు నడవాలి. 14వ కిలోమీటరు దగ్గర భోజ్‌బాసాలో పడుకుని తెల్లారి వెళ్ళాలి. రోజుకి 150 మందికే అనుమతి, ఉత్తరకాశీ దాటకముందే అది చేతిలో ఉండాలి. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ దానికి అదనం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని గంగోత్రిలోనే ఉంచండి, తోడుగా ఒకరు ఆగండి.

తెల్లటి మంచుగోడ ఉంటుందనుకుని వెళ్ళినవాళ్ళు దాని ఎదుటే నిలబడి "ఏదీ?" అంటారు. పైనంతా రాళ్ళూ మట్టీ, బూడిదరంగు. విరిగిన చోట మాత్రం లోపలి మంచు నీలంగా కనిపిస్తుంది. నీళ్ళలో రాతిపొడి కలిసి భాగీరథి అక్కడ మడ్డిగా పారుతుంది. ఎండెక్కేకొద్దీ పెళ్ళలు ఊడిపడతాయి కాబట్టి ఫొటో కోసం పిల్లల్ని నది బయటికొచ్చే మంచు గుహ కిందికి పంపకండి, దూరం నుంచే చూపించి మధ్యాహ్నంలోపు వెనక్కి తిప్పండి.