మీ ఊరి గ్రంథాలయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న పట్టణాల శాఖా గ్రంథాలయాల గురించే ఉన్నాయి. గ్రంథపాలకుడిగా మూడు దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ఉత్తరాలు ఎంతో సంతోషం కలిగించాయి. అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో ఈ మధ్య పోటీ పరీక్షల అభ్యర్థులకని పెద్ద హాలు కేటాయించి, పత్రికలు చదివే బల్లలను వరండాలోకి మార్చారు. ఎండకూ, వాన జల్లుకూ మావంటి వృద్ధులు అక్కడ కూర్చోలేకపోతున్నారు. కొత్త సేవ అంటే పాత పాఠకులను బయటికి పంపడమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, పల్నాడు జిల్లా

జవాబు: మీ బాధ న్యాయమైనది. అయితే ఆ అభ్యర్థుల మీద కోపం పెట్టుకోవద్దని ముందుగా మనవి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వారికి కావలసినవి బల్ల, ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం. అవి కూడా పొద్దుటి నుంచి రాత్రి దాకా కావాలి. పత్రికలు చదివేవారు ఉదయమో సాయంత్రమో ఒక గంట కూర్చుని వెళ్తారు. కనుక ఇక్కడ తగాదా మనుషుల మధ్య కాదు, వేళల మధ్య. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే తెరిచి ఉంటాయి. నడుమ, అభ్యర్థులకు చోటు అత్యవసరమైన వేళలో, భవనానికి తాళం వేసి ఉంటుంది.

మధ్యాహ్నం తెరవడానికి గ్రంథపాలకులు ఎందుకు జంకుతారో నాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఒక్క పుస్తకం పోయినా లెక్క చెప్పవలసినది వారే. నేను పనిచేసిన ఒక ఊళ్లో దీనికి సులువైన దారి దొరికింది. పుస్తకాల బీరువాలున్న గదికి తాళం వేసి, చదువుకునే హాలును మాత్రం తెరిచి ఉంచాము. అభ్యర్థుల్లో ఇద్దరు వంతులవారీగా తాళంచెవికి బాధ్యులుగా రిజిస్టరులో సంతకం పెట్టేవారు. పత్రికా పఠనానికి ఉదయం, సాయంత్రం వేళల్లో లోపలి బల్లలు రెండు విడిగా ఉంచాము. నేనున్న నాలుగేళ్లలో ఒక్క పత్రిక కూడా పోలేదు. మీరు కూడా పదిమంది సంతకాలతో, వేళలను స్పష్టంగా రాసి, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండి. అందులో ఇంకొక్క మాట చేర్చండి: వాడుకోదగిన మరుగుదొడ్డి లేని చదువుల గదికి ఆడపిల్లలు రారు. ఎన్ని కుర్చీలు కొన్నా, ఎంత వేగంగల ఇంటర్నెట్ పెట్టినా ఈ లోటు తీరదు.

ప్రశ్న: మా బాబు గత మే నెలలో గ్రంథాలయంలో జరిగిన వేసవి విజ్ఞాన శిబిరానికి వెళ్లి ఎంతో ఇష్టపడ్డాడు. బడి తెరవగానే అంతా ఆగిపోయింది. ఏడాది పొడవునా ఏదైనా జరిగేలా చేయడానికి తల్లిగా నేనేమైనా చేయవచ్చా?
– ఒక గృహిణి, నల్లగొండ జిల్లా

జవాబు: తప్పకుండా చేయవచ్చునమ్మా. చాలా చోట్ల శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం. ఆదివారం బడికి సెలవు, గ్రంథాలయానికి పని దినం. ఇంతకంటే చక్కని వీలు మరొకటి లేదు. ప్రతి ఆదివారం ఉదయం ఒక గంట కథల వేళ నడుపుతానని గ్రంథపాలకుడికి రాతపూర్వకంగా తెలియజేయండి. మైకు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి ఏవీ అక్కర్లేదు. చాప పరిచి, పది పదిహేనుమంది పిల్లలను కూర్చోబెట్టి, బొమ్మలు వారి వైపు ఉండేలా పుస్తకాన్ని పట్టుకుని చదవండి. కథ మంచి పట్టు మీద ఉండగా ఆపి, ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టేయండి. మిగిలిన కథ ఏమవుతుందో తెలుసుకోవాలనే ఆరాటమే పిల్లలకు చదువు నేర్పుతుంది.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అటువంటి ఒక ఆదివారం మూడో తరగతి పాప ఒకర్తె, అందరూ వెళ్లిపోయాక, ఆ పుస్తకం తెరిచి అక్షరాల కింద వేలు నడుపుకుంటూ చదవసాగింది. ‘రాక్షసుడు’ అన్న చోట వేలు ఆగిపోయింది. ‘క్ష’ను ఆమె ఎన్నడూ పోల్చుకోలేదు. నోట్లో రెండు మూడు ధ్వనులు వేసి చూసుకుంది, పక్కన ఉన్న బొమ్మ చూసింది, ఒక్కసారిగా గట్టిగా ‘రాక్షసుడు!’ అన్నది. పత్రిక చదువుతున్న పెద్దాయన తల ఎత్తి చూశారు. ఆ సాయంత్రమే ఆమె తండ్రి సభ్యత్వం కోసం వచ్చాడు. ఆటో నడిపే ఆయనకు ధరావతు (డిపాజిట్) సొమ్ము ఆ నెలలో భారమే. అప్పటి నుంచి దాతలు ఎవరైనా బీరువా ఇస్తామని వస్తే, దానికి బదులు ఇరవైమంది పిల్లల ధరావతు కట్టమని అడగడం నాకు అలవాటైంది. సభ్యత్వం మానుకున్నప్పుడు ఆ సొమ్ము తిరిగి వస్తుంది కనుక అదే సొమ్ముతో మరొక పిల్లవాడిని చేర్చవచ్చు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ఇప్పుడు చూపు దాదాపు పోయింది. మా గ్రంథాలయంలో కంప్యూటర్లు వచ్చాయంటున్నారు. వాటివల్ల నాకేమైనా ఉపయోగం ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉంది మాస్టారూ. తెరమీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. అది తెలుగును కూడా చదువుతుంది. గ్రంథాలయంలోని కంప్యూటరులో దాన్ని పెట్టించమని అడగండి. చూపు లేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే అంతర్జాల గ్రంథాలయం ఉంది. అందులో మీ పేరు నమోదు చేయించే పనిలో గ్రంథపాలకుడు మీకు సాయపడగలరు.

ఒక ఇబ్బంది మాత్రం ముందే చెప్పాలి. పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయి అంతర్జాలంలో ఉన్నాయి గాని, వాటిలో చాలావరకు పుటల ఫోటోలు మాత్రమే. వాటిలో మనకు కనిపించేది అక్షరమే అయినా యంత్రానికి అది బొమ్మ. అందుచేత అది మౌనంగా ఉండిపోతుంది. దానికి విరుగుడు మనుషుల గొంతే. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, అంగవైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలుగా, లాభాపేక్ష లేకుండా, పుస్తకాన్ని ధ్వని రూపంలోకి మార్చడం నేరం కాదు. దీనికి సంబంధించిన మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. మీ దగ్గర చదువుకున్నవారు ఆ ఊళ్లో ఎందరో ఉండి ఉంటారు. వారానికి ఒక గంట ఒక్కొక్కరు ఒక్కో అధ్యాయం చదివి ఫోనులో రికార్డు చేసి గ్రంథాలయంలో భద్రపరిస్తే, మీకే కాదు, మీ తరువాత చూపు తగ్గినవారికీ అది ఉపయోగపడుతుంది. ఉచ్చారణ దిద్దే బాధ్యత మాత్రం మీరే తీసుకోండి.

ప్రశ్న: ఏది అడిగినా ‘నిధులు లేవు’ అంటారు. గ్రంథాలయాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక కిరాణా వ్యాపారి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ జేబులోంచే వస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. మీ ఇంటి పన్ను 1,500 రూపాయలైతే అందుకు తోడు 120 రూపాయలు గ్రంథాలయం కోసం కడుతున్నారన్నమాట. పన్ను రసీదులో ఆ పద్దు చూసుకోండి. పంచాయతీ, పురపాలక సంఘం దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చిక్కు ఇక్కడే ఉంది: వసూలైన సొమ్ము సకాలంలో సంస్థకు చేరక బకాయిలు పేరుకుపోతుంటాయి. మీ పురపాలక సంఘం గత మూడేళ్లలో ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ‘నిధులు లేవు’ అనే మాటకు తావుండదు.

ప్రశ్న: మా ఊళ్లో ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీ, బహుమతులు అయిపోయాక మళ్లీ ఎవరూ లోపలికి రారు. ఈసారి నిర్వహణ కమిటీలో నన్ను వేశారు. ఏం చేయమంటారు?
– ఒక కళాశాల అధ్యాపకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: మీ ప్రాంతానికి ఈ విషయంలో పెద్ద వారసత్వం ఉంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది బెజవాడలోనే. కాలువల మీద ప్రయాణాలు సాగిన రోజుల్లో, 1935లో, పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు వచ్చేదాకా ఎదురుచూడకుండా, అతను ఉన్న చోటికే పుస్తకం వెళ్లింది. మీ వారోత్సవాలకు అదే దారి పట్టమని నా సలహా.

నవంబరు 14 నుంచి 20 దాకా ఏడు రోజులున్నాయి. సభ ఒక్కరోజు చాలు. మిగిలిన ఆరు రోజులూ పుస్తకాల పెట్టె పట్టుకుని బయటికి వెళ్లండి: ఒకరోజు ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట ఉండేవారి దగ్గరికి, ఒకరోజు స్వయం సహాయక సంఘం సమావేశానికి, ఒకరోజు బస్టాండుకు, ఒకరోజు హాస్టలుకు. అక్కడికక్కడే సభ్యత్వ పత్రం నింపించి పుస్తకం చేతికివ్వండి. ఏ చోట పాఠకులు ఎక్కువగా కనిపిస్తే అక్కడ పుస్తక నిక్షిప్త కేంద్రం, అంటే గ్రంథాలయం నుంచి తెచ్చిన కొన్ని పుస్తకాలను ఉంచి పాఠకులకు ఇచ్చే చోటు, పెట్టి, నెలకొకసారి పుస్తకాలు మార్చే ఏర్పాటు చేయించండి. స్త్రీలు వంటల పుస్తకాలే తీసుకుంటారని ముందే నిర్ణయించుకోవద్దు. చట్టాల గురించిన చిన్న పుస్తకాలు, నవలలు, పాడి పశువుల పెంపకం పుస్తకాలు తప్పక పెట్టండి. పోటీల్లో గెలిచిన పిల్లలకు షీల్డులకు బదులు పుస్తకాలు ఇవ్వండి, వాటిని కూడా వారినే ఎంచుకోనివ్వండి.

ప్రతి సాయంత్రం ఆ రోజు కొత్తగా చేరిన సభ్యులెందరో, ఇంటికి వెళ్లిన పుస్తకాలెన్నో రిజిస్టరులో రాయించి, 20వ తేదీ సభలో అతిథుల ఉపన్యాసాల కంటే ముందు ఆ రెండు అంకెలూ చదివించండి.