ఆన్‌లైన్ క్లాసులో పిల్లల మధ్య మాట కలవాలంటే

హైదరాబాద్

చి॥ సౌ॥ మాధవికి ఆశీస్సులు.

డిగ్రీ ఎకనామిక్స్ ఆన్‌లైన్ కోర్సు నీకు అప్పజెప్పారనీ, అరవై మందిలో కెమెరా ఆన్ చేసేవాళ్లే లేరనీ రాశావు. కెమెరాల సంగతి వదిలెయ్యమ్మా. పగలంతా మాదాపూర్‌లో పనిచేసి, రాత్రి హాస్టల్ గదిలో నలుగురి మధ్య కూచుని వినే కుర్రాడు కెమెరా ఎలా పెడతాడు? రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకి వీడియో బరువే. వాళ్లకి ఒకరితో ఒకరికి పని పడాలి. అది క్లాసు గంటలో కంటే బయటే ఎక్కువ కుదురుతుంది.

యాప్‌లు రెండు మించనివ్వకు. నోటీసులకి గూగుల్ క్లాస్‌రూమ్ పెట్టి, టీచరు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ మార్చు. నోటీసులూ కబుర్లూ ఒకేచోట కలిస్తే అసైన్‌మెంట్ తేదీ గుడ్‌మార్నింగ్ పూలబొమ్మల కింద పడిపోతుంది, ఆ పైన అరవై 'ఓకే మేడమ్'లు.

చర్చకి టెలిగ్రామ్ వాడు. మామూలు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. సాయంత్రం గ్రూపులో డౌటు అడిగిన ఆడపిల్లకి రాత్రి పదకొండుకి తెలియని నంబరు నుంచి 'హాయ్' వస్తే, మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. టెలిగ్రామ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనపడకుండా 'నోబడీ' అని పెట్టుకోవచ్చు. మొదటి క్లాసులోనే నీ స్క్రీన్ చూపిస్తూ అందరిచేతా చేయించు. పేరు పక్కన రోల్ నంబరులో చివరి మూడంకెలు రాసుకోమను, లేకపోతే ముగ్గురు సాయికుమార్‌లలో ఎవరు ఎవరో నీకే తెలీదు. ఇన్వైట్ లింకు ఎలాగూ బయటికి పోతుంది. అందుకే అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరగలిగే లింకు తయారుచెయ్యి. గ్రూపులో టాపిక్స్ ఆన్ చేసి యూనిట్‌కొకటి, పరీక్షల గోలకొకటి, ఊసుపోకకి ఒకటి పెట్టు. ఆ చివరిది దండగ అనుకోకు, మొహమాటం పోయేది అక్కడే.

'మీ గురించి చెప్పండి' అని మాత్రం మొదలుపెట్టకు. అరవై పరిచయాలు వస్తాయి, ఒక్కటీ ఎవరూ చదవరు. దానికి బదులు, ఈ వారం మీ దగ్గర కిలో టమాటా ఎంత, ఎక్కడ కొన్నారు, ఏ రోజు, ఏ పూట అని అడుగు. జవాబులు ఒక గూగుల్ షీట్‌లో, మనిషికో వరస. మెహదీపట్నం రైతుబజార్లో పొద్దున ఒక రేటు, అక్కడే చీకటిపడ్డాక ఇంకో రేటు, కూకట్‌పల్లి సూపర్‌మార్కెట్‌లో మరొకటి, మిర్యాలగూడ సంతలో వేరొకటి. ప్రతివాళ్లూ తమ రేటుకి దూరంగా ఉన్న రేటు ఒకటి వెతికి, అది రాసినవాళ్లని పేరు పెట్టి ఒక ప్రశ్న అడగాలి. రవాణా ఖర్చా, సరుకు నాణ్యతా, అమ్ముడుపోకపోతే కుళ్లిపోతుందన్న భయమా? సప్లై, డిమాండ్ పాఠం అక్కడే సగం అయిపోతుంది. తన ఒక్కడి రేటుతో ఎవరూ జవాబు చెప్పలేరు, పక్కవాడి వరస చూడక తప్పదు. ఈ కిటుకే ప్రతి యూనిట్‌కీ వాడు.

రెండో వారం నుంచి నలుగురేసి జట్లు చెయ్యి. ఆరుగురైతే ఇద్దరు పనిచేసి నలుగురు పేరు రాయించుకుంటారు. ఇద్దరే అయితే ఒకరు మానేసిన రోజున రెండోవాళ్లు ఒంటరి. ఒకే టైమ్‌కి ఖాళీ ఉండేవాళ్లని కలుపు. షిఫ్టులవాళ్లనీ ఇంటి దగ్గరుండేవాళ్లనీ కలిపితే జట్టు పేరుకే మిగులుతుంది. తెలుగులో రాయనివ్వు, టైపింగ్ రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టమను.

డౌటు పడగానే నువ్వు జవాబిస్తే ఇంకెవరూ ఇవ్వరు. పూట ఆగు. అయితే తప్పు జవాబు తెల్లవార్లూ నిలవకూడదు. రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా వస్తానని చెప్పి, ఆ వేళకే వెళ్లు, సరిగ్గా చెప్పినవాళ్ల పేరెత్తి మిగిలింది పూర్తిచెయ్యి. గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే విద్యా పరిశోధకులు 2000లో ఆన్‌లైన్ చదువు మీద రాసిన వ్యాసంలో విద్యార్థులు ఆలోచించడం, ఒకరితో ఒకరు కలవడంతో పాటు టీచరు నడిపించడాన్నీ లెక్కవేశారు. రోజంతా గ్రూపులో కూచోమని దానర్థం కాదు.

'ఎవరికి అర్థం కాలేదు?' అంటే చెయ్యెత్తరు. టెలిగ్రామ్‌లో పేర్లు కనపడని పోల్ పెట్టు, నిజం బయటపడుతుంది.

ఈ చర్చకి మార్కులు వందకి పది చాలు, మెసేజ్‌లు లెక్కపెట్టి మాత్రం వెయ్యకు. లెక్కపెడితే 'చాలా బాగా రాశారు' అనేవి వరదలా వస్తాయి. వారానికి ఒక సొంత వివరం, ఇంకొకరి వివరం మీద ఒక ప్రశ్న ఉన్నాయా లేవా, అంతే చూడు.

ఎవరైనా హద్దు దాటితే గ్రూపులో పంచాయితీ పెట్టకు. స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ మనిషి గ్రూపులో రాయకుండా ఆపి, కాలేజీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు. సెమిస్టర్ అయ్యాక షీట్‌లో పేర్లు తీసేసి కాపీ దాచుకో, వచ్చే బ్యాచ్‌కి పాత రేట్లతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న