పాఠకుల ప్రశ్నలు: షటిల్ ఆటా, దాని ఖర్చూ

కోనసీమ నుంచి కొల్లేరు గట్టు దాకా ఇండోర్ షటిల్ కోర్టులు వెలుస్తున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే.

ప్రశ్న: ఒకప్పుడు క్లబ్బుల్లో షటిల్ అంటే సర్వీసు చేసినవాడికే పాయింటు. ఇప్పుడు సర్వీసు ఎవరిదైనా ర్యాలీ గెలిచినవాడికి పాయింటు, మాటిమాటికీ బ్రేకు. డబ్బొచ్చి ఆటను చెడగొట్టిందని నేనంటాను. కాదంటారా?
– ఒక రిటైర్డ్ లెక్చరర్, కాకినాడ

చెడిందనలేం. మారింది మాత్రం నిజం. పాత పద్ధతిలో గేముకు 15 పాయింట్లు, ఆడవాళ్ల సింగిల్స్‌కు 11. సర్వీసు అటూ ఇటూ చేతులు మారుతూనే ఉండేది, స్కోరు బోర్డు కదిలేది కాదు. మ్యాచ్ ఎప్పుడు తేలుతుందో తెలియక టీవీవాళ్లు తల పట్టుకునేవారు. ముందు 7 పాయింట్ల ఐదు గేములు ప్రయత్నించి వదిలేశారు. 2006లో 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా పోతే తర్వాతి పాయింటుతో సరి. 11 దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 2 నిమిషాలు విరామం. కోచ్‌కు మాట్లాడే వీలు దొరికింది, టీవీకి ప్రకటన వేసుకునే వీలు దొరికింది.

దీంతో ఆడే తీరే మారిపోయింది. మీ సర్వీసులో నెట్ దగ్గర సాహసం చేసి తప్పితే అప్పట్లో సర్వీసే పోయేది, ఇప్పుడు పాయింటు పోతుంది. 3-12తో వెనకబడి నింపాదిగా కోలుకునే రోజులు దాదాపు పోయాయి. 1980లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచిన ప్రకాశ్ పదుకొనే మణికట్టు మాయ, ఓపిక ఇప్పటికీ పనికొస్తాయి. కాకపోతే వాటికి మొదటి పాయింటు నుంచే కాళ్ల వేగం తోడవ్వాలి.

ఇంకోవైపూ చూడండి. 1870ల్లో పుణేలో బ్రిటిష్ సైనికాధికారులు ఆడుకున్న ఆట ఇది. 1934లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన తొమ్మిది దేశాల్లో ఆసియా దేశం ఒక్కటీ లేదు. 1992లో ఒలింపిక్ పతకాల ఆట అయింది, 2005లో సమాఖ్య కార్యాలయం ఇంగ్లండ్ నుంచి కౌలాలంపూర్‌కు తరలింది. ఆడే జనం ఎక్కడుంటే పెత్తనం అక్కడికి రావడాన్ని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

తప్పుపట్టాల్సినవి వేరే ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నాకౌట్ బదులు ముందు గ్రూపు మ్యాచ్‌లు పెట్టారు. ప్రతి జోడీకీ ఎక్కువ మ్యాచ్‌లు దక్కాయి నిజమే. కానీ గ్రూపు చివర్లో ఓడితే తర్వాత సులువైన ప్రత్యర్థి వస్తారని లెక్క తేలింది. చైనా, ఇండొనేసియా జోడీలు ఒక్కొక్కటి, కొరియావి రెండు కావాలనే నెట్‌కు కొట్టాయి. ఎనిమిదిమందినీ వెళ్లగొట్టారు. ఆ తర్వాత గ్రూపులో రెండో స్థానం వచ్చిన జోడీలకు మళ్లీ డ్రా తీయడం మొదలుపెట్టారు. ఆటగాళ్లది తప్పే. అలా ఆడితే లాభముండేలా టోర్నీ కట్టినవాళ్లది అంతకన్నా పెద్ద తప్పు.

ప్రశ్న: మా పాత ధాన్యం గోడౌన్‌లో ఒక కోర్టు వేశాం. సిమెంటు నేల మీద గమ్ము పూసి సింథటిక్ మ్యాట్ అంటించాం. రెండో వానాకాలానికి మ్యాట్ బుడగలు లేచింది. ఆడేవాళ్లు మోకాళ్ల నొప్పులంటున్నారు. ఏం చేయాలి?
– ఒక యజమాని, భీమవరం దగ్గర

మ్యాట్ కంపెనీని తిట్టి లాభం లేదండి. మన నేలలో నీరు పైపైనే ఉంటుంది. కాలవలు వదిలాక, వానలు పడ్డాక ఆ చెమ్మ కాంక్రీటు గుండా పైకొస్తుంది. మ్యాట్ దాన్ని బయటికి పోనివ్వదు, గమ్ము మెత్తబడి ఊడుతుంది. మళ్లీ అంటిస్తే మళ్లీ లేస్తుంది.

ముందు చెమ్మ ఎంతుందో చూడండి. మ్యాట్ తీసిన చోట రెండడుగుల చదరం మందపాటి పాలిథిన్ షీటు పరిచి, నాలుగంచులా గాలి దూరకుండా టేపు వేయండి. ఒక రోజు ఆగి తీయండి. షీటు అడుగున నీటి బొట్లున్నా, కింద సిమెంటు నల్లబడినా ఆ నేల మీద నేరుగా మ్యాట్ నిలవదు. ఈ పరీక్ష ఎండాకాలంలో చేసి మురిసిపోకండి, ఆగస్టులో చేయండి.

చెమ్మ ఉందని తేలితే నేలంతా పాలిథిన్ షీటు పరవండి. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి అరడుగు ఎక్కాలి, అంచులు గోడ వెంట పైకి తిప్పాలి. దాని మీద రబ్బరు ప్యాడ్లు, ప్యాడ్ల మీద చెదల మందు పట్టించిన చెక్క దూలాలు, వాటి మీద నీటికి తట్టుకునే 12 ఎం.ఎం. ప్లైవుడ్ రెండు పొరలు. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు. గోడకూ చెక్కకూ మధ్య వేలెడు సందు వదలండి. వానల్లో చెక్క ఉబ్బుతుంది, సందు లేకపోతే కోర్టు మధ్యలో గూనిలా లేస్తుంది. ఆ సందులోంచే కింది గాలీ ఆడుతుంది. మ్యాట్ ఆ పైన. మోకాళ్ల నొప్పికీ మందు ఇదే. సిమెంటు మీద 4.5 ఎం.ఎం. మ్యాట్ ఒక్కటీ గెంతుల దెబ్బను ఆపలేదు.

నేల మీద ఖర్చు పెట్టేముందు ఎత్తు కొలవండి. కోర్టు 13.40 మీటర్ల పొడవు, 6.10 వెడల్పు. చుట్టూ రెండు మీటర్లు వదిలితే సుమారు 57 అడుగులు, 33 అడుగులు కావాలి. కోర్టు మీదుగా ఏ దూలమూ 25 అడుగులకన్నా కిందికి ఉండకూడదు, 30 ఉంటే మంచిది. గోడౌన్ ఎత్తు ఇరవై అడుగులే అయితే ఎత్తుగా లేపే టాసులన్నీ దూలాలకు తగులుతాయి. అలాంటి చోట డబ్బు పోయకండి. లైట్లు కోర్టు నడినెత్తిన వద్దు, పక్క గీతలకు బయట, వాటి వెంబడే ఉండాలి. గోడలకు తెల్ల సున్నం వేస్తే కాక్ (ఈకల బంతి) కనబడదు, మెరుపులేని ముదురాకుపచ్చ వేయండి.

ప్రశ్న: కాక్‌ల ధర మండిపోతోంది. మా వైపు కోతలయ్యాక చేలల్లో బాతుల మందలే మందలు. వాటి ఈకలతో ఇక్కడే కాక్‌లు చేయలేమా?
– ఒక రైతు, ఆకివీడు

ఆలోచన బాగుంది గానీ లెక్క కుదరదు. ఒక కాక్‌కు 16 ఈకలు, అన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి ఎడమలు కలిస్తే వంపులు ఎదురెదురై కాక్ గాల్లో తిన్నగా తిరగక ఊగుతుంది. రెక్కకు మేలైన ఈకలు ఆరేడుకు మించవు. అంటే ఒక్క కాక్‌కు మూడు పక్షులు. ఈక కనబడే పొడవు 62 నుంచి 70 ఎం.ఎం., మొత్తం బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు ఉండాలి. మన మందల్లోవి గుడ్ల కోసం పెంచే గోధుమరంగు బాతులు. కాక్‌కు కావలసింది బాగా ఎదిగిన తెల్ల పెద్దబాతు ఈక, అది లేకుంటే తెల్లబాతు ఈక. పశ్చిమ బెంగాల్‌లో హౌరా దగ్గరి ఉలుబేరియాలో బాతు ఈకలతో కాక్‌లు చేస్తారు. అక్కడ అసలు పనితనం అతకడంలో లేదు, వంపు చూసి ఈకల్ని ఏరడంలో ఉంది. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ధర ఎందుకు పెరిగిందంటారా? ఈకల్లో ఎక్కువ భాగం చైనా నుంచి, మాంసం కోసం పెంచే పక్షులవే వస్తాయి. అక్కడ పందిమాంసం చవకై బాతుల పెంపకం తగ్గితే, ఇక్కడ డబ్బా ధర పెరుగుతుంది.

ప్రశ్న: సాత్విక్‌ను చూసి మా పన్నెండేళ్లవాడు 28 పౌండ్ల గట్టింగ్ (బ్యాట్ తీగల బిగింపు) కావాలంటున్నాడు. వేయించమంటారా?
– ఒక తల్లి, అమలాపురం

వద్దమ్మా. మీ ఊరి సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టిన మాట నిజమే. అది రికార్డు కోసం విడిగా కొట్టి కొలిచినది, అదీ బ్యాట్‌ను వదిలిన క్షణాన ఉండే వేగం. గట్టింగ్ బిగిసేకొద్దీ బ్యాట్‌లో కాక్ సరిగ్గా తగిలే చోటు చిన్నదవుతుంది. పిల్లవాడు ఆ లోటును భుజంతో పూడుస్తాడు, నొప్పి అక్కడే మొదలవుతుంది. 20 నుంచి 22 పౌండ్లు, 80-84 గ్రాముల బ్యాట్ చాలు.

ప్రశ్న: కాక్‌లకు ఆవిరి పడితే ఎక్కువసేపు మన్నుతాయంటారు. నిజమేనా?
– ఒక కోచ్, పాలకొల్లు

ఎండిన ఈక పుటుక్కున విరుగుతుంది కాబట్టి నిజమే. కానీ ఆ అవసరం ఏసీ హాళ్లలో, పొడిగాలి ఊళ్లలో ఎక్కువ. మీ దగ్గర వానాకాలంలో అసలు పట్టకండి, బూజు వస్తుంది. మిగతా రోజుల్లో డబ్బా రెండు మూతలూ తీసి, ఈకల వైపు నుంచి కొన్ని సెకన్లు ఆవిరి పోనిచ్చి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. ఎక్కువైతే గమ్ము వదులై ఈకలు విచ్చుకుంటాయి, కాక్ నెమ్మదిస్తుంది. విరిగేది పొడివల్లా, స్పీడు నంబరు (పెద్దదైతే కాక్ వేగం ఎక్కువ) తప్పడం వల్లా అన్నది కూడా చూడండి. వేసవి వేడిలో కాక్ దూరం పోతుంది, అప్పుడు 76 వాడండి, చలికాలం 77. వెనక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో ఎత్తి కొడితే, అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. అంతకు మించి పోతుంటే నంబరు తగ్గించండి. రెండు ఈకలు పోయిన కాక్‌లు పారేయకుండా నెట్ దగ్గరి సాధనకు దాచండి.