గ్రాఫిక్ డిజైనర్‌గా ఏళ్ళ తరబడి పనిచేసి మీరు నేర్చుకున్న పాఠాలేమిటి?

ప్రశ్న అడిగిన అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడట. చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏం నేర్చుకున్నారు, ఏ సాఫ్ట్‌వేర్ వస్తే ఈ రంగంలో నిలబడొచ్చు అని అడిగాడు. నేను నెల్లూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజింగ్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు ఒంగోలులో సొంతంగా డిజైన్ పని చేసుకుంటున్నాను. మూడు దశాబ్దాలకు దగ్గరపడ్డాను కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే తేల్చేస్తాను. నేను నేర్చుకున్నది పేజ్‌మేకర్ మీద, అంటే పుస్తకాలకూ కరపత్రాలకూ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ మీద. దాని ఆఖరి వెర్షన్, 7, 2001లో వచ్చింది. తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. అయినా మా వైపు కొన్ని ప్రెస్సుల్లో దానికోసమే ఒక పాత కంప్యూటర్‌ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తున్నారు. శుభలేఖలకూ స్టిక్కర్లకూ కోరల్ డ్రా, ఫొటోలకు ఫొటోషాప్, పుస్తకాలకు ఇన్‌డిజైన్. ఏదైనా రోజూ కూర్చుంటే ఆరు నెలల్లో చేయి తిరుగుతుంది. రేపు ఇంకొకటి వస్తే అదీ వస్తుంది. దాని గురించి టెన్షన్ పెట్టుకోవద్దు.

నేను చెప్పాలనుకుంటున్నది వేరు. మనకు డబ్బులిచ్చేది ఒకరు, మనం చేసిన కాగితాన్ని చేత్తో పట్టుకుని చదువుకునేది ఇంకొకరు. డిజైనర్ ఆ రెండో మనిషి తరఫున ఉండాలి. మొదటాయన మన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, పేరు ఇంకొంచెం పెద్దది చెయ్, ఎరుపు పెంచు అని చెబుతుంటాడు. రెండో మనిషి మన షాపుకు ఎప్పుడూ రాడు. అతను ఎక్కడుంటాడో, ఏ వెలుతురులో చదువుతాడో వెతుక్కుంటూ మనమే పోవాలి. ఇది చేసేవాడు మంచి డిజైనర్. చేయనివాడికి ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చినా ఆపరేటరే.

నాకు ఇది తెలిసింది తక్‌పట్టీ వల్ల. మార్కెట్లో సరుకు అమ్ముకున్న రైతుకు కమీషన్ కొట్టువాళ్ళు లెక్క రాసిచ్చే చీటీ అది. 2000 దాటిన కొత్తలో నిమ్మకాయల కొట్టు షావుకారు ఒకాయన మా ప్రెస్సుకు వచ్చాడు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల సంగతి మా జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి కాయలు లారీల్లో ఢిల్లీ దాకా పోతాయి. ఆయనకు కావాల్సింది మూడు కాపీల తక్‌పట్టీ పుస్తకాలు. పాత పుస్తకం ఒకటి బల్లమీద పెట్టి, "ఇదే మోడల్. కాకపోతే మంచి లుక్కు రావాల. పైన వెంకటేశ్వరస్వామి, పక్కన మా నాయన ఫొటో, కొట్టు పేరు బంగారు రంగులో" అన్నాడు.

మా ప్రెస్సులో ఒక పెద్దాయన ఉండేవాడు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన కాలం మనిషి. అందరం మేస్త్రీ అని పిలిచేవాళ్ళం. షావుకారు వెళ్ళిపోయాక ఆ పాత పుస్తకం తిరగేసి, గళ్ళ పక్కన అడ్డదిడ్డంగా రాసిన అంకెలు నాకు చూపించాడు. "అబ్బయ్యా, ముందు మార్కెట్టుకు పోయి దీన్ని ఎట్ట రాస్తారో చూసిరా. కంపోజింగ్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

పోయాను. ఆ పొద్దు చూసింది ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. గుమాస్తాకు రాసుకోవడానికి బల్ల లేదు. బస్తాల మధ్య నిలబడి, పుస్తకాన్ని ఎడమ ముంజేతి మీద ఆనించుకుని బాల్‌పెన్నుతో రాస్తున్నాడు. కార్బన్ కాగితం జారిపోతుంటే బొటనవేలితో అదిమి పెడుతున్నాడు. ఒకే రైతు తెచ్చిన సరుకులో పెద్దకాయకు ఒక ధర, చిన్నకాయకు ఒక ధర, పండుకు ఇంకో ధర. పుస్తకంలో మాత్రం ధరకు ఉన్నది ఒకటే గడి. అందులోనే మూడు ధరలు ఇరికిస్తున్నాడు. కమీషను, హమాలీ, బాడుగ, తరుగు, రైతు ముందుగా తీసుకున్న అడ్వాన్సు, వీటికి అసలు చోటే లేదు. పుస్తకాన్ని అడ్డం తిప్పి అంచు వెంబడి రాస్తున్నాడు. కాగితంలో మూడో వంతు కొట్టు పేరూ దేవుడి బొమ్మా తీసుకుంటే, రాసేదానికి మిగిలింది అంతే మరి.

ఆ కొట్టులో పై కాపీ ఆఫీసుకు, మధ్య కాపీ రైతుకు, అడుగుది పుస్తకంలోనే. మధ్య కాపీ ముదురు గులాబీ రంగు కాగితం. దాని మీద నీలం కార్బన్ ముద్ర ఎట్టా ఉంటుందో ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. ఒక పెద్దాయన ఆ చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"ఇదేంది సామీ, ఈ అంచుకు గీకింది?"

"హమాలీ, పెద్దాయనా."

"మరి దాని కిందది?"

"బాడుగ. కొంచెం జరుగు, ఎనకమాల మనుషులుండారు."

ఆయన ఇంకేమీ అడగలేదు. చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు. చదువు రాదేమో అనుకునేరు. అంతకుముందు టీ కొట్టు దగ్గర కళ్ళజోడు పెట్టుకుని దినపత్రిక చదువుతుంటే నేనే చూశాను. ఏడాది పొడుగునా చెట్లకు నీళ్ళు పెట్టి, మందులు కొట్టి, కోత కూలీలు ఇచ్చుకుని సరుకు తెచ్చిన మనిషి తన లెక్క తాను చదువుకోలేకపోయాడు. ఆ గళ్ళు గీసినవాడు ఒక్కసారన్నా ఆ మార్కెట్లో నిలబడి ఉంటే ఆ కాగితం అట్టా ఉండేది కాదని నాకు ఒళ్ళు మండింది.

వెనక్కి వచ్చి కొత్తగా గీశాను. దేవుడి బొమ్మ ఎడమ మూలకు, చిన్నది. కొట్టు పేరు ఒకే లైను. సరుకు రకానికి ఒక వరుస చొప్పున నాలుగు వరుసలు, ఒక్కో వరుసలో బస్తాలు, ధర, మొత్తం. దాని కింద కోతలన్నీ విడివిడిగా అచ్చులోనే వేశాను: కమీషను, హమాలీ, బాడుగ, తరుగు, అడ్వాన్సు. గుమాస్తా అంకె వేస్తే చాలు. అన్నిటికంటే కింద "రైతుకు ఇవ్వాల్సింది" అని పెద్ద గడి, మందం గీతతో. గడి ఎత్తు 9 మిల్లీమీటర్లు పెట్టాను. నిలబడి రాసే చేతికి అంతకన్నా తక్కువైతే అంకెలు పక్క గడిలోకి పోతాయి. రైతు కాపీకి తెల్ల కాగితం వేయించి, గులాబీ కాగితాన్ని పుస్తకంలో మిగిలే కాపీకి మార్చాను. బంగారు రంగు తీసేశాను. మొత్తం ఒకే రంగు, నలుపు.

ప్రూఫు చూసి షావుకారు మొహం చిట్లించాడు. బంగారు రంగు పోయిందని అనుకున్నాను గానీ ఆయన బాధ అది కాదు. "ఏందబ్బయ్యా ఇది? కోతలన్నీ ఇంత లావున అచ్చేస్తే రైతు ప్రతిదానికీ నిలేసి అడగడా?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, పాత చీటీ అట్టా మసకగా ఉండటం వల్ల ఎవరికి సుఖంగా ఉందో. మేస్త్రీ మాత్రం మెల్లగా, "ఇప్పుడూ అడుగుతానే ఉండారంట గదా సామీ. కళ్ళకు కనపడితే అడిగేవాళ్ళు తగ్గుతారు, మీ గుమాస్తాకు పని తెములుతుంది. రంగు ఖర్చూ మిగుల్తుంది" అన్నాడు. ఖర్చు మాట దగ్గర ఒప్పుకున్నాడు.

తర్వాతి సీజనుకు పక్క కొట్లవాళ్ళు ఇద్దరు అదే మోడల్ కావాలని వచ్చారు. రైతులు ఆ కొట్టుకే ఎక్కువగా పోతున్నారని వాళ్ళలో ఒకాయన చెప్పాడు. ఆ చీటీ వల్లే పోతున్నారని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

అప్పటినుంచి ఏ పని వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు, ఎక్కడ చదువుతారు? ఈ ప్రశ్న అడగని పనులు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో చూస్తే బాధేస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర వాడే మందు డబ్బాలు చూడండి. సగం డబ్బా మీద మెరిసిపోయే రొయ్య బొమ్మ. ఎకరానికి ఎంత వేయాలన్నది మాత్రం ఆవగింజంత అక్షరాల్లో, అదీ ముదురు నీలం మీద తెల్లగా. నాలుగు రంగుల అచ్చులో ఒక్క రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ తెల్ల అక్షరాలు పూడిపోతాయి. ఇంగ్లీషు అక్షరమైతే ఎట్టాగో తట్టుకుంటుంది. మన తలకట్లూ వత్తులూ తట్టుకోలేవు. చదవాల్సిన మాట తెలుగులో ఉంటే, చిన్న సైజులో ఉంటే, తెల్ల కాగితం మీద నలుపు ఒక్కటే వేయండి.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకో గోడు. కొత్తగా వచ్చే పిల్లలు ఇంగ్లీషు టెంప్లేట్లు తీసుకుని అందులో తెలుగు పోస్తున్నారు. అచ్చులో అక్షరం సైజునూ లైనుకూ లైనుకూ మధ్య దూరాన్నీ పాయింట్లలో కొలుస్తాం. ఇంగ్లీషులో 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లైను సరిపోతుంది. తెలుగుకు పైన గుడి ఉంది, కింద వత్తు ఉంది, "రాష్ట్రం"లో అయితే వత్తు కింద వత్తు. అదే కొలత పెడితే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అక్షరం సైజులో కనీసం సగమన్నా అదనంగా వదలండి. మ్యాటర్ పట్టకపోతే మాటలు తగ్గించమని కస్టమర్‌కు చెప్పండి, లైన్లు నొక్కొద్దు. అక్షరాల చుట్టూ మందంగా గీత కొట్టి లోపలి సున్నాలు పూడ్చొద్దు.

యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి. ఫొటోషాప్‌లో తెలుగు యూనికోడ్ వత్తులు విడిపోతున్నాయని ఇప్పటికీ ఆ పద్ధతిలో లేని పాత అను ఫాంట్లను పట్టుకుని వేలాడేవాళ్ళున్నారు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరకు పోయి టెక్స్ట్ ఇంజిన్‌ను మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కు, కొత్త వెర్షన్లలో అయితే వరల్డ్ రెడీ లేఅవుట్‌కు మార్చండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి. అంతే. తెలుగు 1991లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. రామభద్ర, మండలి, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పాత ఫాంట్లలో టైపు చేసింది పైకి తెలుగులా కనపడుతుంది గానీ లోపలున్నది ఇంగ్లీషు కోడే. ఫోనులోకి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే దొరకదు.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ మాట్లాడను. ఫ్లెక్సీలు రాకముందు నెల్లూరులో బోర్డులు రాసే ఆర్టిస్టులు అక్షరాలు సుద్దముక్కతో గీసుకుని, నిచ్చెన దిగి, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి చూసేవాళ్ళు. చాలకపోతే మళ్ళీ వచ్చి చెరిపి గీసేవాళ్ళు. బస్సులో పోయే మనిషికి కనపడాలని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. 2022లో మన రాష్ట్రంలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు, అప్పులు చేసి మిషన్లు కొన్నవాళ్ళ కష్టం గురించి అందరూ మాట్లాడారు. అది న్యాయమే. ఆ మిషన్లు వచ్చినప్పుడు ఈ ఆర్టిస్టులు ఏమైపోయారని మాత్రం ఒక్కరూ అడగలేదు. వాళ్ళ పక్కన ఒక నెల నిలబడితే వచ్చే విద్య ఏ కోర్సులోనూ రాదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకొకటుంది. చాలా కొట్లలో చేతిరాత పుస్తకాలు పోయి బిల్లింగ్ మిషన్లు వచ్చాయి. సిరా లేకుండా వేడితో అచ్చయ్యే చిన్న థర్మల్ కాగితం మీద, ఇంగ్లీషు పొట్టి మాటల్లో లెక్క వస్తోంది. ఏ కోత దేనికో రైతుకు మళ్ళీ అర్థం కాదు. పైగా ఆ కాగితం ఎండకూ వేడికీ నల్లబడుతుంది, కొన్నాళ్ళకు అచ్చు వెలిసిపోతుంది. తెలుగులో ఎందుకు ఇవ్వరని అడిగితే ప్రింటర్‌లో తెలుగు లేదంటారు. మామూలుగా ఆ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండని మాట నిజమే. కానీ చీటీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపితే అదే ప్రింటర్ తెలుగును శుభ్రంగా కొడుతుంది. కొంచెం నెమ్మదిగా వస్తుంది, అంతే. నేను కొట్టించి చూశాను. 3 అంగుళాల కాగితం మీద కోతలన్నీ తెలుగులో విడివిడిగా పట్టాయి.

నాకు ప్రోగ్రామింగ్ రాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మార్కెట్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే కింద ఒక మాట రాయండి. గళ్ళ కొలతలు, అక్షరాల సైజులు, మాటలు అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఈ నిమ్మకాయల సీజనుకు ఒక్క కొట్టులోనైనా మొదలుపెడదాం.