ఇంటి కింద షట్టర్ వైన్ షాపుకి ఇవ్వొచ్చా? మా గుంటూరు అనుభవం

విజయవాడ పటమటలో మీ ఇంటి కింద షట్టర్‌ని వైన్ షాపుకి అడుగుతున్నారు, పైన మీరే ఉంటారు, దగ్గర్లో బడీ గుడీ ఉన్నాయి, రెసిడెన్షియల్ ఏరియాలో రూల్స్ ఒప్పుకుంటాయా అన్నది కదండీ మీ ప్రశ్న. 2024 అక్టోబర్‌లో వైన్ షాపుల లైసెన్సులకి లాటరీలు తీసినప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మాకూ ఇదే బేరం వచ్చింది. ఇచ్చాం, షాపు ఇంకా నడుస్తోంది.

ముందు జోన్ సంగతి. ఊరి ప్లాన్ మ్యాపులో మా వీధి ఏ రంగులో ఉందో, అంటే రెసిడెన్షియలో కమర్షియలో, ఎక్సైజ్ వాళ్ళు అడగనే లేదు. ఆ గొడవ కార్పొరేషన్‌ది. అలాగని తేలిగ్గా తీసుకోకండి. అప్రూవ్డ్ ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోట షట్టర్లు దించి ఉంటే, వైన్ షాపు వచ్చిన మర్నాడే ఎవరో ఒకరు అర్జీ పెడతారు. కిరాణా కొట్టున్నన్నాళ్ళూ ఎవరికీ గుర్తురాని ప్లాను అప్పుడు గుర్తొస్తుంది.

ఎక్సైజ్ వాళ్ళ పట్టింపంతా దూరం మీద. గుడి, బడి, ఆసుపత్రి, వీటికి 100 మీటర్ల లోపు షాపు ఉండకూడదు. అసలు కిటుకంతా కొలతలో ఉంది. గోడ నుంచి గోడకి కొలవరు. షాపు గుమ్మం మధ్య నుంచి వాళ్ళ గేటు మధ్య వరకు, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారిలో టేపు పరుస్తారు. మా పెరటి గోడకి ఆనుకునే ఒక స్కూలుంది, పిల్లల గోల మా వంటింట్లోకి వినపడుతుంది. కానీ దాని గేటు అవతలి లైనులో ఉంది. చుట్టూ తిరిగి కొలిస్తే 100 దాటింది, పాసైపోయింది. న్యాయమేనా అంటే నాకూ నవ్వొస్తుంది, రూలు మాత్రం అదే.

గుడి అంటే దేవాదాయ శాఖలో రిజిస్టరై ఉండాలి, మసీదైతే వక్ఫ్ బోర్డులో. రావిచెట్టు కింద నాగప్రతిమలు లెక్కలోకి రావు. బడి అంటే గుర్తింపున్న స్కూలో, కాలేజీయో. కోచింగ్ సెంటర్లను కూడా కలిపితే బ్రాడీపేటలో సోడా కొట్టుకి కూడా చోటు దొరకదు లెండి. ప్రైవేటు ఆసుపత్రికి కనీసం 30 పడకలుండాలి. మా కొత్తపేటలో సందుకో నర్సింగ్ హోమ్ ఉంది, వాటిలో చిన్నవి ఈ లెక్క కిందికి రావు. కాగితం మీద లెక్కలోకి రాని గుడైనా జనం లెక్కలో ఉంటుంది, అది మరిచిపోకండి. ఆడవాళ్ళు వచ్చి టెంటు వేసుకుని కూర్చుంటే షాపు కదలాల్సిందే.

హైవేకి 500 మీటర్ల లోపు మందు షాపు ఉండకూడదని రూలుందని మీకెవరో చెప్పే ఉంటారు. సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో అన్న మాట నిజమే కానీ, మున్సిపల్ హద్దుల్లో ఉన్నవాటికి అది వర్తించదని 2017 జులైలో తనే చెప్పింది. ఆ ఒక్క కారణంతో మీ షాపు ఆగదు.

ఇక బేరం. లైసెన్సు వచ్చినవాడు ఊళ్ళో నచ్చిన చోటల్లా పెట్టుకోలేడు, గెజిట్‌లో ఆ షాపుకి రాసిన ఏరియాలోనే చూసుకోవాలి. 2024 లాటరీలో ఒక్కో అప్లికేషన్‌కి తిరిగిరాని 2 లక్షలు కట్టారు. 5 లక్షల జనాభా దాటిన మన ఊళ్ళలో మొదటి ఏడాది లైసెన్సు ఫీజు 85 లక్షలు. షట్టర్ దొరక్క ఒక్కో రోజు గడిచేకొద్దీ వాళ్ళకి కాళ్ళ కింద మంటే. అందుకే అద్దె విషయంలో మొహమాటపడకండి. అగ్రిమెంటు మాత్రం లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళతోనే రాయించుకోండి. వెనక నలుగురు భాగస్తులుంటారు, మాట్లాడేవాడొకడు, సంతకం పెట్టేవాడు ఇంకొకడు. 2024 లాటరీలో వచ్చిన లైసెన్సుల గడువు 2026 సెప్టెంబర్ 30, మీ అగ్రిమెంటు కూడా అక్కడికే ఆపండి. మధ్యలో షాపు కదిలించాల్సి వస్తే అడ్వాన్సు సంగతేంటో కూడా రాసుకోండి. కమర్షియల్ కరెంటు మీటరు, పెరిగే ఇంటిపన్ను వాళ్ళ ఖాతాలోనే వేయండి.

నిజంగా తలనొప్పి తెచ్చేది పర్మిట్ రూము, అంటే షాపు దగ్గరే కూర్చుని తాగే గది. 2019లో తీసేసిన వాటిని 2025లో మళ్ళీ అనుమతించారు. షాపు ఉదయం 10కి తెరిచి రాత్రి 10కి మూస్తారు, సీసా కొనుక్కుని పోయేవాడితో మనకి ఏ బాధా లేదు. కూర్చుని తాగేవాడితోనే అంతా. పల్లీల పొట్లాలు, గేటుకి అడ్డంగా బండ్లు, గోడ పక్కన ఉచ్చలు, పదిన్నరకి కూడా తెగని కబుర్లు. మేము అగ్రిమెంటులోనే పర్మిట్ రూము కుదరదని రాయించాం. తర్వాత అద్దె పెంచుతామని వచ్చి అడిగారు, మా ఆవిడ గుమ్మంలోంచే పంపించేసింది.

నా మటుకు నేను, పైకెళ్ళే మెట్లు షట్టర్ పక్కనుంచే అయితే ఎంత అద్దె ఇస్తామన్నా ఇవ్వను. మాకు మెట్లు వెనక సందులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మీ మెట్లు ఎటువైపో, ఆ బడి గేటు ఏ రోడ్డు మీదుందో రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.