సమాధానం: అంగన్‌వాడీ లెక్క, ఏఎన్ఎమ్ లెక్క ఎందుకు కలవడం లేదు

మెంటాడ వైపు నుంచి అడిగిన అంగన్‌వాడీ చెల్లెమ్మకు. ఏడాదిన్నర బాబు మీ రిజిస్టర్‌లో తీవ్ర పోషణ లోపం, ఊరి ఆరోగ్య నర్సు అయిన ఏఎన్ఎమ్ గారి పుస్తకంలో మామూలు. అందుకే ఎవరూ ఆసుపత్రికి పంపడం లేదన్నారు. ముందు కొలత తీరు చూడండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. నిలబెట్టి కొలిస్తే ఆ అంకెకు 0.7 సెంటీమీటర్లు కలపాలి. కలపకపోతే పొడవు తక్కువపడి, దానికి బరువు సరిపోయినట్టే కనిపిస్తుంది. తేడా ఇక్కడ రావచ్చు.

కాటా చాప మీద కాదు, గచ్చు మీద పెట్టి సున్నా చూడండి. తర్వాత బిడ్డ ఎడమ చేయి వదులుగా వేలాడుతుండగా, భుజానికీ మోచేతికీ నడిమధ్య టేపు చుట్టండి, బిగించొద్దు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపైతే తీవ్ర పోషణ లోపం, 11.5 నుంచి 12.5 లోపైతే మధ్యస్థం. రెండు పాదాలనూ బొటనవేలితో 3 సెకన్లు నొక్కి తీస్తే గుంట నిలిచిందా, టేపు అంకె ఎంతున్నా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. జ్వరం ఉన్నా, తిండి ముట్టకపోయినా అంతే.

వచ్చే గ్రామ ఆరోగ్య పోషణ దినాన ఇద్దరూ ఒకే కాటాతో కలిసి తూచి, ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలకు వైద్యం చేసే పోషకాహార పునరావాస కేంద్రంలో బిడ్డతో పాటు తల్లి సుమారు రెండు వారాలు ఉండాలి. కూలి పోతుంది, ఇంట్లో పెద్దపిల్ల ఒంటరవుతుంది. చాలామంది వెనక్కి వచ్చేసేది దీనివల్లే. ఆ పిల్లకు తిండి, బడి ఎవరు చూస్తారో బండెక్కే ముందే ఆశా కార్యకర్తతో, బడి మాస్టారుతో మాట్లాడి పెట్టండి.